ద్రాక్షాపాకానికి ధ్రువపత్రం

స్పీకర్ల ప్రదర్శనకి మీరెప్పుడైనా వెళ్లారో లేదో నాకు తెలియదు. వెళ్లకపోతే కొంపలేమీ మునగలేదు. ఏదో ఒక పెద్ద హోటల్లో రెండంతస్తులు అద్దెకి తీసుకుంటారు. గదుల్లోంచి మంచాలు బయట పడేసి, మంచాలున్న చోట మనిషెత్తు స్పీకర్లు నిలబెడతారు. పరుపుల్ని గోడలకి జారేస్తారు. ఎదురుగా మూడు కుర్చీలు వేస్తారు. మధ్య కుర్చీలో కూర్చున్నవాడికే స్వర్గం వినిపిస్తుందట. అందుకని పక్క కుర్చీలవాళ్లు వాడు ఎప్పుడు లేస్తాడా అని కాచుకుని ఉంటారు తప్ప పాట వినరు. పాట అయ్యాక వినిపించినవాడూ విన్నవాడూ అనే మాట మాత్రం ఒక్కటే.

"గది సరిగా లేదండీ."

పాట బాగుంటే, "ఈ గదిలోనే ఇలా ఉందంటే మంచి గదిలో ఎలా ఉంటుందో!" అంటారు. బాగోకపోతే గోడల్ని తిడతారు. ఆడలేక మద్దెల ఓడని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ మద్దెల సరికొత్తది, ఖరీదైనది కనక దాన్ని ఏమీ అనడానికి లేదు. ఓడంతా గోడదే.

ఈ రంగంలోకి నేను పాట మీద ప్రేమతో రాలేదు. బదిలీ మీద వచ్చాను. రాష్ట్ర శ్రావ్యతా నిర్ధారణ మండలిలో సూపరింటెండెంటుని. మండలి అంటే పెద్దగా ఊహించుకోకండి. అధ్యక్షులు, నేను, ఒక టైపిస్టు, కారు లేని ఒక డ్రైవరు. ఏటా విశాఖపట్నంలో, సముద్రం కనిపించునని బోర్డు పెట్టిన ఒక హోటల్లో జరిగే ప్రదర్శనలో ఉత్తమ స్పీకరుకి ప్రభుత్వం తరఫున బహుమతి ఇప్పించడం మా పని. మిగతా ఏడాదంతా దానికి సన్నాహాలు చేస్తుంటాం.

అంతా సవ్యంగానే జరుగుతుండగా కిందటేడు ఒక స్పీకరుకి బహుమతి ఇస్తూ న్యాయనిర్ణేతగారు "ధ్వని వెచ్చగా ఉంది" అని రాశారు. ఓడిపోయినవాడు ఊరుకోలేదు. సమాచార హక్కు కింద అర్జీ పెట్టాడు. "వెచ్చదనం ఎన్ని డిగ్రీలు? కొలిచిన అధికారి పేరు, హోదా తెలుపగలరు."

"వెచ్చదనం అనగా వెచ్చదనమే" అని జవాబు పంపాం. అప్పీలు చేశాడు. పై వాళ్లు మమ్మల్ని పిలిచి చీవాట్లు పెట్టారు. ఈ ఏడు కూడా బహుమతి మీద వివాదం వస్తే మండలిని రద్దు చేసి, మా నలుగుర్నీ శబ్ద కాలుష్య నివారణ విభాగంలో కలిపేస్తామని సచివాలయం నుంచి ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం చదివాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ విభాగంలో ఉద్యోగం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మా బావమరిది అందులోనే ఉన్నాడు. పెళ్లి ఊరేగింపుల్లో డీజే బండికి ఎదురుగా మీటరు పట్టుకుని వెనక్కి నడవడమే వాడి పని. బండి ముందుకొస్తుంది, వీడు వెనక్కి పోతాడు. ఇప్పుడు వాడితో మాట్లాడాలంటే కాగితం మీద రాసి చూపించాలి. కూర ఎలా ఉందిరా అని మా ఆవిడ అడిగితే, "తగ్గించమని చెప్పానక్కా, వినట్లేదు" అంటాడు.

మా అధ్యక్షులు వాచస్పతిగారు మాత్రం బెదరలేదు. ఆయన పశుసంవర్ధక శాఖలో రిటైరై వచ్చారు.

"చూడు నరహరీ," అన్నారు నాతో. "నా సర్వీసంతా పశువైద్యం చేశాను. గేదెకి ఒళ్లు వెచ్చగా ఉందండీ అని రైతు వస్తే సరేలే అని మందివ్వలేదు. థర్మామీటరు పెట్టి చూశాను. గేదెకున్న న్యాయం స్పీకరుకి ఉండొద్దా?"

"ఉండాలి సార్," అన్నాను.

అలా పుట్టింది విశేషణ ధ్రువీకరణ నిబంధన. దాన్ని డ్రాఫ్టు చేసింది నేనే కాబట్టి కంఠతా వచ్చు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, న్యాయనిర్ణేతలు ధ్వనిని గూర్చి వాడెడి ప్రతి విశేషణమునకును తత్సంబంధిత శాఖ వారి ధ్రువపత్రము జతపరచవలెను. ధ్రువపత్రము లేని విశేషణము చెల్లనేరదు. విశేషణములు చెల్లని స్పీకరు బహుమతికి అనర్హము." వ్యాకరణంలో తప్ప ఇంకెక్కడా తప్పు పట్టలేరు.

ఈ ఏటి న్యాయనిర్ణేత శేషాచలపతిగారు. తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. సంగీతమంటే చెవి కోసుకుంటారు. నిబంధన చదివి ఆయన తల పట్టుకున్నారు.

"మరి 'బాగుంది' అనొచ్చునా?"

"అనొచ్చు సార్. కానీ అది ఏ శాఖకి వస్తుందో తేలలేదు. సాధారణ పరిపాలన శాఖకి రాశాం. వాళ్లు ఆర్థిక శాఖని అడిగారు. బాగుందని మేము ఎప్పుడూ అనలేదని ఆర్థిక శాఖ జవాబిచ్చింది."

ప్రదర్శన మొదలైంది. మొదటి గదిలో శేషాచలపతిగారు కూర్చుని, కళ్లు మూసుకుని, కాసేపటికి "లోతుంది" అన్నారు. నేను వెంటనే భూగర్భజల శాఖ అధికారిని లోపలికి పిలిచాను. ఆయన స్పీకరు వెనకాల ఉన్న గుండ్రటి కన్నంలోకి దారానికి కట్టిన సీసపు గుండు వదిలారు. దారం ఎంత దిగిందో చూసుకున్నారు. గుండుని బయటికి తీసి వేలితో తడిమారు.

"తేమ లేదు. రాయి తగిలింది. ఇంకో నలభై అడుగులు వెయ్యాలి," అన్నారు.

"అది పదహారంగుళాల పెట్టె అండీ," అన్నాడు స్పీకరు యజమాని.

"అందుకే నీళ్లు పళ్లేదు," అన్నారు అధికారి. లోతు అన్న విశేషణం కొట్టేశాం.

రెండో గదిలో పాట వేగంగా ఉందన్నారు. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగారు స్పీడ్‌గన్నుతో కారిడార్లో నిలబడ్డారు. పాట ఒక్కటీ దొరకలేదు గానీ, పరిగెత్తుతున్న రూమ్ సర్వీసు బండి ఒకటి దొరికింది. మూడో గదిలో బరువుందన్నారు. తూనికలు కొలతల శాఖవాళ్లు స్పీకర్లని కాటా మీద పెట్టి, రెంటికీ మధ్య పావుకిలో తేడా ఉందని సీలు వేసి తీసుకుపోయారు.

గొడవంతా ఐదో గదిలో వచ్చింది. శేషాచలపతిగారు మైమరచిపోయి, "ఆహా! వాయిద్యాలు గోడలు దాటి అవతల ఎక్కడో మోగుతున్నట్టున్నాయి" అన్నారు. ఆయన దృష్టిలో అది పొగడ్త. సర్వేయరుగారు గొలుసు పరిచి కొలిచి, వయొలిన్ పక్క గదిలోకి ఆరడుగులు చొచ్చుకుపోయిందని తేల్చారు. ఆరో గది యజమాని లబోదిబోమన్నాడు. తన గది కబ్జా అయిందని ఫిర్యాదు రాసిచ్చాడు. ఐదో గదికి ఆక్రమణ నోటీసు ఇచ్చి, వయొలిన్‌ని సాయంత్రంలోగా ఖాళీ చేయించమన్నాం.

స్పీకర్లు అమ్ముకునేవాళ్లు మరీ అమాయకులు కారు. మధ్యాహ్నానికల్లా నిబంధన వాళ్లకి ఒంటబట్టింది. ఒకడు వెచ్చదనం కోసం పెట్టెలో ఇస్త్రీపెట్టె పెట్టాడు. ఇంకొకడు బరువు కోసం ఇసుక పోశాడు. ఏడో గదివాడు అసలు లోపలి సరంజామా అంతా పీకేసి, ఆ ఖాళీలో ఇస్త్రీపెట్టె, ఇసుక, వాసనకి రెండు మల్లెమూరలు పెట్టాడు. అతనికి చెల్లిన విశేషణాలు రెట్టింపయ్యాయి. పాట ఎందుకు రావట్లేదని ఎవరో అడిగితే, "గది సరిగా లేదండీ" అన్నాడు.

అయినా ఎవరికీ అన్ని విశేషణాలూ చెల్లలేదు. వెచ్చదనం ఉంటే లోతు లేదు, లోతుంటే బరువు లేదు. రెండో రోజు, అంటే ఆఖరి రోజు, మధ్యాహ్నానికి కూడా బహుమతికి అర్హత ఉన్న స్పీకరు ఒక్కటీ తేలలేదు. మూడింటికి మంత్రిగారు వస్తారు. నా చెవుల్లో అప్పుడే డీజే మోగడం మొదలుపెట్టింది.

ఇక మిగిలింది ఒకటే గది. గది అనడానికి కూడా లేదు. కింద వంటగదికి ఆనుకుని, పెళ్లిళ్ల కుర్చీలు దాచే కొట్టు. రాజమండ్రి నుంచి వచ్చిన మందాకిని అనే ఆవిడకి అది కేటాయించాం. ఆవిడ ఆలస్యంగా దరఖాస్తు పెట్టుకుంది, మేము అంతకన్నా ఆలస్యంగా చూశాం. పనస కర్రతో తనే చేసిన జత స్పీకర్లు తెచ్చుకుంది. చుట్టూ కుర్చీల గుట్టలు, ఒక గోడకి వంటగది కిటికీ, దాంట్లోంచి తాలింపు ఘాటు.

నేను అలవాటు కొద్దీ, "గది సరిగా లేదు కదమ్మా" అన్నాను.

"గదికేవండీ, బానే ఉంది," అంది ఆవిడ. "మీరలా కూర్చోండి. నాకు బహుమతీ వద్దు, పాడూ వద్దు. నిన్నట్నించీ చూస్తన్నాను, ఈ హోటల్లో ఒక్కళ్లు కూడా ఒక్క పాట కూడా చివరంటా వినలేదండీ. మీరు ఒక్క పాట చివరిదాకా వినండి చాలు. ఆ తర్వాత మీకేం తోస్తే అది రాసుకోండి."

శేషాచలపతిగారు కూర్చున్నారు. ఆవిడ పాట పెట్టింది. ఒక చరణం అయ్యిందో లేదో ఆయన కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తి, "ద్రాక్షాపాకం!" అని అరిచారు.

మందాకిని గబుక్కున పాట ఆపేసింది. అధ్యక్షులవారు ముందుకొచ్చారు.

"ఏం పాకం?"

"ద్రాక్షాపాకం సార్. కవిత్వంలో మూడు పాకాలున్నాయన్నారు మన పెద్దలు. నోట్లో వేసుకోగానే రసం దిగితే ద్రాక్షాపాకం. అరటిపండులా తొక్క తియ్యాల్సి వస్తే కదళీపాకం. పీచు తీసి, చిప్ప పగలగొట్టుకుంటే గానీ దొరక్కపోతే నారికేళపాకం. ఈ ధ్వని అచ్చంగా..."

"మొత్తానికి మూడూ తినేవే కదా?"

"అంటే, తినడం అని కాదు..."

"నరహరీ, ఆహార భద్రతా శాఖ," అన్నారు అధ్యక్షులవారు.

ఆహార భద్రతాధికారిణి నాలుగు సీసాలతో వచ్చింది. "శాంపిల్ ఇవ్వండి," అంది.

"సీసాలో ఏం పోసిస్తానండీ? అది పాట," అంది మందాకిని.

"పాకం అని రాసిచ్చారు. ద్రాక్ష ఎక్కడ కొన్నారు? కడిగారా?"

"ద్రాక్ష లేదండీ బాబూ! ఆయనేదో మాటవరసకి అన్నారు."

"ద్రాక్ష లేకుండా ద్రాక్షాపాకం అంటే అది కల్తీ కిందకొస్తుందమ్మా," అంది అధికారిణి గంభీరంగా. సీసా మూత తీసి స్పీకరు ముందు కాసేపు పట్టుకుని, మూత పెట్టి, వెలుతురుకి ఎత్తి చూసింది. "ఖాళీగా కనిపిస్తోంది. పోల్చి చూడ్డానికి ప్రామాణికమైన పాకం ఒకటి ఉంటే గానీ చెప్పలేను."

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి కమ్మటి బెల్లం వాసన వచ్చింది. ఆ బుద్ధి పుట్టింది నాకే. "ఇటు రండి మేడమ్," అన్నాను.

వంటగదిలో స్వీట్ మాస్టర్ పైడయ్య పెద్ద గుండిగ ముందు నిలబడి బారెడు గరిటెతో తిప్పుతున్నాడు. మంత్రిగారి విందుకి పాకం గారెలు. గారెలు వేయించి పక్కన పెట్టాడు, పాకం పొయ్యి మీద ఉంది. మా వెనకే, పనిలేక కారిడార్లో తిరుగుతున్న శాఖలన్నీ వాసన పట్టుకుని లోపలికొచ్చాయి. అధికారి చేతిలో పరికరం ఉంటే ఊరికే ఉండలేడు. వాతావరణ శాఖాయన గుండిగలో థర్మామీటరు పెట్టారు.

"వెచ్చగా ఉంది. ఇంత వెచ్చదనం రెండ్రోజుల్నించి చూడలేదు."

భూగర్భజల శాఖాయన గుండు వదిలారు. మొహం వికసించింది. "లోతుంది. తేమ కూడా పడింది!"

తూనికలవారు బరువుందన్నారు. ఆహార భద్రతావిడ తియ్యగా ఉందంది. చిక్కదనం ఉంది. నునుపుంది. మంచి స్పీకరులో పాట వెనకుండే నిశ్శబ్దం నల్లగా ఉండాలని శేషాచలపతిగారే నిన్న చెప్పారు. బెల్లం నల్లబెల్లం. గుండిగ అంచు దాటి ఎక్కడా పొంగలేదు కాబట్టి ఆక్రమణ లేదని సర్వేయరుగారు సంతకం పెట్టారు. నిబంధనలోని విశేషణాలు ఒక్కటొక్కటే చెల్లుతున్నాయి.

"కానీ సార్," అన్నాను, "స్పీకరు అన్నాక తీగ ఉండాలి కదా. మూడో క్లాజు."

పైడయ్య అప్పుడే గరిటె ఎత్తి, రెండు వేళ్ల మధ్య పాకం చుక్క నొక్కి, వేళ్లు విడదీసి చూశాడు. "వచ్చీసింది," అన్నాడు.

"ఏమిటి వచ్చింది?" అన్నారు అధ్యక్షులవారు.

"తీగండి. తీగపాకం వచ్చీసింది. ఇంక గారెలు ఎయ్యాల."

అధ్యక్షులవారు నా వైపు గర్వంగా చూశారు. "తీగ వచ్చేసిందయ్యా."

"మరి ధ్వని?" అన్నారు శేషాచలపతిగారు నీరసంగా.

అందరం చెవులొగ్గాం. గుండిగ అడుగునుంచి కుతకుతమని వస్తోంది. మంద్రంగా, ఆగకుండా, ఎక్కడా బొంగురు పోకుండా వస్తోంది. అధ్యక్షులవారు చెయ్యెత్తి, "సదరు గుండిగను ఉత్తమ స్పీకరుగా నిర్ధారించడమైనది" అన్నారు. శాఖలన్నీ చప్పట్లు కొట్టాయి. అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ విశేషణం మిగల్లేదు.

పైడయ్య గారెల పళ్లెం ఎత్తాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ముట్టుకోకు! ఇది ఇప్పుడు ప్రభుత్వ బహుమతి పొందిన వస్తువు. మంత్రిగారు వచ్చేదాకా ఇదే స్థితిలో ఉండాలి."

"అదెలాగ బాబూ? పాకం ఆగుద్దేటి? పాకానికి మినిస్టరేటి, మునసబేటి?"

"ఆపాలి."

పైడయ్య నన్ను జాలిగా చూశాడు. "మంట తగ్గించి, నీళ్లు సిలకరిత్తా తిప్పుతుంటే కూసింతసేపు నిలబెడతాను. కన్ను పక్కకి తిప్పితే మాత్రం ముదిరిపోద్ది. ఆనక నన్నడగొద్దు."

అధ్యక్షులవారు మంత్రిగారికి ఎదురెళ్తూ, "నరహరీ, పాకం నీ బాధ్యత. మండలి నీ చేతుల్లో ఉంది" అని చెప్పి అందర్నీ తీసుకుని వెళ్లిపోయారు. శేషాచలపతిగారిని కూడా లాక్కుపోయారు. పొయ్యి దగ్గర పైడయ్య, నేను మిగిలాం. అతను గరిటె తిప్పుతున్నాడు, నేను చెంబుతో నీళ్లు చిలకరిస్తున్నాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ ఫైలూ చూడలేదు.

కిటికీ అవతల మందాకిని స్పీకర్లకి దుప్పటి చుడుతోంది. కాసేపటికి కిటికీ దగ్గరికొచ్చింది.

"సూపరింటెండెంట్ గారూ, బండి వచ్చేలోపు ఆ పాట పూర్తిగా పెట్టుకుంటానండీ."

"ధ్రువపత్రం లేని స్పీకరు మోగకూడదమ్మా."

"ఎవరికీ వినిపించనండీ. నా పాటికి నేనే వింటాను."

నిబంధనలో చూసుకున్నాను. సొంతానికి వినడం గురించి ఎక్కడా రాయలేదు. ఎవరైనా స్పీకరు పాట వినడానికి కొనుక్కుంటారన్న ఆలోచన డ్రాఫ్టు చేసినప్పుడు నాకు తట్టలేదు. సరే అన్నాను.

అదొక దంపుడు పాట. ఆవిడ పెద్దమ్మ పాడిందట. మొదట రోకలి పడ్డ దెబ్బ వినిపించింది. మామూలుగా స్పీకర్లలో దెబ్బ పడితే అద్దాలు అదురుతాయి, అందరూ వహ్వా అంటారు. ఇక్కడ అలా ఏం లేదు. రోటి పక్కన నేల మీద నేను చతికిలబడ్డట్టు అనిపించింది, అంతే. రోకలి దిగినప్పుడు గాజులు ముందుకి జారాయి, లేచినప్పుడు వెనక్కి జారాయి. మధ్యలో పెద్దమ్మ ఊపిరి తీసుకుంది. నేనూ తీసుకున్నాను. ఒకచోట చరణం మర్చిపోయి తనలో తను నవ్వుకుంది. నాకు కూడా నవ్వొచ్చింది. ఆవిడెవరో నాకు తెలియదు. ఆవిడ అలసిపోతోందని మాత్రం తెలిసింది, ఇంకా కాసినే ఉన్నాయి వడ్లు అని కూడా తెలిసింది. నాకు చాలా సంతోషం వేసింది. ఇంత వయసొచ్చింది, పాట విని సంతోషం వెయ్యడం నాకిదే మొదలు. గది సంగతి నాకు గుర్తే రాలేదు.

పైడయ్య గరిటె వదిలేసి కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు. నా చేతిలో చెంబు ఎప్పుడు కింద పెట్టానో నాకు తెలియదు.

ముందు వాసన వచ్చింది. ఆ తర్వాత పైడయ్య "ఓలమ్మో!" అన్నాడు. ఇద్దరం గుండిగ మీద పడ్డాం. కుతకుత లేదు. గరిటె నడిమధ్యలో నిటారుగా నిలబడి ఉంది. లాగాడు, రాలేదు. నేనూ పట్టుకుని లాగాను. గుండిగ లేచింది గానీ గరిటె రాలేదు. పాకం రాయైపోయింది. దాంతోపాటు మా మండలి కూడా అయిపోయిందనుకున్నాను.

సరిగ్గా అప్పుడే పూలదండలూ కెమెరాలూ తోసుకుంటూ మంత్రిగారు లోపలికొచ్చారు. పక్కనే అధ్యక్షులవారు. గుండిగలోకి తొంగిచూడగానే అధ్యక్షులవారి మొహం పాలిపోయింది. శేషాచలపతిగారు వంగి గోటితో గీకి, నిట్టూర్చి, "ద్రాక్షాపాకం కాస్తా నారికేళపాకమైంది" అన్నారు.

కానీ వాచస్పతిగారు ఉత్తినే అధ్యక్షులవలేదు. చటుక్కున తేరుకున్నారు. "అయ్యా, నాసిరకం స్పీకర్ల పెట్టెలు పాటతోపాటు వణుకుతాయి. మేలైనదాని పెట్టె రాయిలా కదలకూడదు. ఇది చూడండి. ఎక్కడా కదలికే లేదు. తమరే స్వయంగా పరీక్షించవచ్చు."

మంత్రిగారు వేలు మడిచి పాకం మీద కొట్టారు. ఠంగుమంది.

"ఏం సౌండయ్యా!" అన్నారు మంత్రిగారు. వెనకున్నవాళ్లందరూ ఏం సౌండు, ఏం సౌండన్నారు. "ఏ కంపెనీ?"

"పైడయ్య అండీ," అన్నారు అధ్యక్షులవారు.

"మన లోకలే! శభాష్. మరి ఈ గరిటెలాంటిది ఏమిటి?"

బాధ్యత నాది కాబట్టి నేనే ముందుకొచ్చాను. "బ్లూటూత్ అండీ," అన్నాను.

గుండిగకి దండ వేశారు. ఫోటోలు తీశారు. మండలి చేసిన కృషిని మెచ్చుకుంటూ, దీన్ని మరో పదేళ్లు కొనసాగిస్తున్నట్టు మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించారు. పాకం లేని గారెలు తిని, "గారెలు కొంచెం చప్పగా ఉన్నాయి" అన్నారు. ఆ విశేషణాన్ని ధ్రువపత్రం లేకుండానే ఆమోదించాం.

జనం వెళ్లాక పైడయ్య కిటికీ దగ్గరికి నడిచాడు.

"పాకం ముదరబెట్టడం నా సర్వీసులో ఇదే మొదలమ్మా," అన్నాడు మందాకినితో. "ఆ పాట ఇంకోపాలి ఎడతావా?"

"ఇప్పుడెందుకండీ, అంత నష్టం జరిగాక?"

"మరేటి భయం? ఇంక ముదరడానికేటి నేదు గదా."

ఆవిడ ఫక్కున నవ్వేసి, చుట్టిన దుప్పటి మళ్లీ విప్పింది. బహుమతి వచ్చినవాళ్ల మొహంలో కూడా నేనెప్పుడూ అంత సంతోషం చూడలేదు. పాట మళ్లీ వేసింది. ఈసారి ముగ్గురం చివరిదాకా విన్నాం. చివర్లో పెద్దమ్మ రోకలి గోడకి ఆనించి, "అబ్బ, అయ్యింది" అంటుంది. ఆ మాట వినకుండా వెళ్లిపోతే నేను ఏం పోగొట్టుకునేవాణ్ణో నాకు తెలిసేది కాదు.

సోమవారం నాకు మెమో వచ్చింది. "ప్రదర్శన సమయమందు విధి నిర్వహణలోనున్న ఉద్యోగి ధ్వనిని వినుటవలన ప్రభుత్వ బహుమతి పొందిన వస్తువునకు గట్టిదనము సంభవించినది. ఏయే విశేషణములు గల ధ్వనిని విని విధులు మరచిరో ధ్రువపత్రములతో సహా సంజాయిషీ ఇవ్వవలెను." దాంతోపాటే కొత్త నిబంధన వచ్చింది. వినడంవల్ల జరిగిన అనర్థం దృష్ట్యా వచ్చే ఏటి నుంచి ప్రదర్శనలో స్పీకర్లు మోగించకూడదు.

సంజాయిషీ రాయడానికి కూర్చున్నాను. వెచ్చగా ఉందని రాద్దామంటే వాతావరణ శాఖ కావాలి. తియ్యగా అంటే సీసాలు పట్టుకొస్తారు. "గది సరిగా లేదు" అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. అధ్యక్షులవారు కూడా కబురంపారు, అలాగే రాసెయ్యి, ఫైలు మూసేద్దాం అని. కలం పెట్టాను కూడా. చెయ్యి రాలేదు. ఆ గదికేం, బానే ఉంది.

చివరికి ఒకే ఒక్క మాట రాశాను. "విన్నాను." అది విశేషణం కాదు, క్రియ. దానికి ధ్రువపత్రం అక్కర్లేదు.

అధ్యక్షులవారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "విన్నాను అంటే? ఎవరి మాట విన్నావయ్యా? నా మాటైతే వినలేదు."

మండలి బతికింది. గుండిగ ఇప్పుడు మా ఆఫీసు వరండాలో గాజుపెట్టెలో ఉంది. చీమలు తప్ప ఎవరూ దాని దగ్గరికి వెళ్లరు. నన్ను మాత్రం శబ్ద కాలుష్య నివారణ విభాగానికి బదిలీ చేశారు.

మొన్ననే చేరాను. మొదటి రోజే ఒక పెళ్లి ఊరేగింపు. గతుకుల మీద ఊగుతూ డీజే బండి ముందుకొస్తోంది, నేను మీటరు పట్టుకుని వెనక్కి నడుస్తున్నాను. ఇళ్ల కిటికీలు అదురుతున్నాయి. మీటరు ముల్లు ఆ చివరికి వెళ్లి ఇక తిరిగి రానంది. చెయ్యెత్తి బండి ఆపించి, ఈ మోత ఏమిటయ్యా అని అరిచాను. డీజే ఆపరేటరు కిందకి దిగి, ఎంతో వినయంగా నా చెవి దగ్గరకొచ్చాడు.

"మా స్పీకర్ల తప్పు కాదు సార్," అన్నాడు. "రోడ్డు సరిగా లేదండీ."

తల వంచి రోడ్డు చూశాను. ఒక కాలు గుంటలో ఉంది. నా సర్వీసు మొత్తానికి, ఏ శాఖనీ ధ్రువపత్రం అడగక్కర్లేని మాట వినడం అదే మొదలు.